ఎడమ చేతిని అడగండి

మా అక్క కూతురు విశాఖపట్నంలో పియానో నేర్చుకుంటోంది. పియానో అంటే సినిమాల్లో కనిపించే పెద్ద నల్ల పెట్టె కాదు. హాల్లో గోడవారగా ప్లగ్గుకి తగిలించిన డిజిటల్ వాయిద్యం. ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు సాధారణంగా దాని మీదే ఉంటాయి. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు ఆ పిల్ల థియరీ పరీక్ష కోసం ఒక జిరాక్స్ కాగితం బట్టీ పడుతోంది. రొమాంటిక్ యుగ సంగీతం, ముఖ్య లక్షణాలు, ఎనిమిది పాయింట్లు. భావావేశం, ప్రకృతి, జాతీయత, వ్యక్తిస్వేచ్ఛ వగైరా. వాటి కింద ప్రక్రియలు: నాక్టర్న్, లీడ్, సింఫనిక్ పోయమ్, ఇంకో నాలుగు. అడుగున ముక్తాయింపు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్తే ఇదీ: ఈ కాలపు స్వరకర్తలు నియమాలను వదిలి హృదయాన్ని సంగీతంలోకి ఒలికించారు.

ఒలికించడమేమిటి? హృదయమేమన్నా పాలగిన్నా?

కాగితంతో అయిపోతే ఊరుకునేవాణ్ణి. ఆ తర్వాత పిల్ల షోపాన్ ఇ మైనర్ ప్రెల్యూడ్ వాయించింది. ఇరవై నాలుగు ప్రెల్యూడ్లలో నాలుగోది, చిన్నది, అందరూ మొదట పట్టుకునేది. మనసుకి తోచిన చోటల్లా ఆగింది, సాగదీసింది, కళ్ళు మూసుకుని తల వాల్చింది. "ఇదేమిటే, తాళం ఏమైంది?" అన్నాను. "రొమాంటిక్ కదా మామయ్యా, ఫీల్‌తో వాయించాలిట" అంది. నాకు కోపమొచ్చింది. పిల్ల మీద కాదు.

ఈ మాట ఆ కాగితం రాసినవాళ్ళ సొంతమూ కాదు. కచేరీకి ముందు మైకు పట్టుకునే వ్యాఖ్యాతలందరూ ఇదే చెప్తారు. రాత్రి నిద్రపట్టక ఫోన్ తెరిస్తే "రొమాంటిక్ పియానో, ఎనిమిది గంటలు, వాన చప్పుడుతో" అని వస్తుంది. వాన చప్పుడు దేనికయ్యా? అటు షోపాన్ వాయిస్తుంటే ఇటు చూరునీళ్ళు కారాలా? ఈ వాన సంగతికి మళ్ళీ వస్తాను, దాని మీద నాకు పాత పగ ఉంది.

సగం రోగం పేరులోనే ఉంది. మనకి రొమాంటిక్ అంటే హీరో హీరోయిన్లు తడిసే పాట. పండితులు కాల్పనికోద్యమం అని మర్యాదగా పిలిచారు గానీ, ఆ మాట తరగతి గది గడప దాటలేదు. ఇక భావకవులు పెంచిన జుట్టు, వేసిన శాలువా, కార్చిన కన్నీరు మనకి బాగా గుర్తుండిపోయి, రొమాంటిక్ కళాకారుడు అంటే ఏడుస్తూ కూర్చునే మనిషి అని ఖాయం చేసుకున్నాం. కృష్ణశాస్త్రిగారి కృష్ణపక్షం ఒకసారి తెరిచి చూడండి. తేటగీతులున్నాయి, గణాల లెక్క తప్పని తేటగీతులు. అక్కడ కన్నీళ్ళు కూడా యతిస్థానం చూసుకునే పడ్డాయి. అది మనం గుర్తుపెట్టుకోం. శాలువా గుర్తుపెట్టుకుంటాం.

సంగీతానికి రొమాంటిక్ అన్న బిళ్ళని గట్టిగా తగిలించినవాడు జర్మన్ రచయిత ఇ.టి.ఎ. హాఫ్‌మన్. 1810లో బీథోవెన్ అయిదో సింఫనీ మీద ఆయన రాసిన సమీక్షతోనే ఈ గొడవంతా ఊపందుకుంది. తమాషా ఏమిటంటే ఆయన లెక్కలో హైడన్, మోట్సార్ట్ కూడా రొమాంటిక్కులే. జిరాక్స్ కాగితం ప్రకారం వాళ్ళిద్దరూ అంతకు ముందటి యుగం, నియమాల యుగం. ఆ సమీక్షలో అనంతం, ఆరాటం లాంటి పెద్ద పెద్ద మాటలున్నాయి, కాదనను. అవి ఒక పక్క. మిగతాదంతా స్వరలిపి తునకలు చూపిస్తూ, ఆ చిన్న ముక్కలోంచి అంత కట్టడం ఎలా లేచిందో మేస్త్రీలా వివరించడం. బీథోవెన్‌లో ఆయన ప్రత్యేకంగా మెచ్చుకున్నది కూడా నిగ్రహాన్ని, తన మీద తనకున్న అదుపుని. రొమాంటిక్ వాదానికి పౌరోహిత్యం చేసినాయనే అలా అన్నాక, ఒలికించడం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు.

సరే, ఆ ప్రెల్యూడ్ దగ్గరికి వద్దాం. మొత్తం 25 బార్లు. మొదటి మూడు బార్లలో కుడి చెయ్యి, ఎత్తుకున్న చిన్న గంతు తర్వాత, దాదాపు రెండే స్వరాలు పలుకుతుంది. బి, సి; మళ్ళీ బి, సి. ఇంట్లో పెద్దవాళ్ళు మంచం మీద పడి "అమ్మా... అయ్యో... అమ్మా" అంటున్నట్టు. అందులో పాట అని చెప్పుకోదగ్గది ఏమీ లేదు. జరిగేదంతా ఎడమ చేతిలో. అక్కడ మూడు స్వరాలు కలిపిన కార్డ్ ఒకటి, సమానమైన దెబ్బలతో, విసుగూ విరామం లేకుండా మోగుతుంటుంది. కొన్ని దెబ్బలయ్యాక ఆ మూడింట్లో ఒక్క స్వరం అరమెట్టు కిందికి జారుతుంది. మిగతా రెండూ కదలవు. ఇంకాసేపటికి ఇంకొకటి. కర్ర పట్టుకున్న ముసలాయన మెట్లు దిగినట్టు: ఒక కాలు, తర్వాత కర్ర, తర్వాత రెండో కాలు. ఎప్పుడు ఏది జారుతుందో ముందే తెలిస్తే గుండె పట్టదు, తెలియకపోతే పట్టేస్తుంది. కుడి చేతిలో అదే స్వరం, కింద నేల మాత్రం జారిపోతూ ఉంటుంది. దుఃఖం అక్కడుంది.

ఆ దెబ్బలు సమానంగా పడకపోతే ఏమవుతుంది? జారిన స్వరం జారినట్టు తెలియదు. అన్నీ ఊగుతుంటే ఊగేది ఏదో ఎలా కనిపెడతాం? మా పిల్ల ఫీల్‌తో చేసింది అదే. ఎడమ చేతిని కుడి చేతి వెనకాల పరిగెత్తించింది. ఆ ప్రెల్యూడ్‌లో ఉన్న ఒకే ఒక్క సంఘటన కళ్ళ ముందే మాయమైపోయింది.

ఇది నా సొంత పైత్యం అనుకుంటారేమో. షోపాన్ శిష్యులు పదే పదే చెప్పిన విషయం ఇది: ఎడమ చెయ్యి వాద్యబృందానికి నాయకుడు, అది తాళం విడవకూడదు, కుడి చెయ్యి ఏం చేసుకున్నా సరే అనేవాడట ఆయన. పియానో మీద మెట్రోనోమ్ ఎప్పుడూ ఉండేదని ఇంకో శిష్యుడు మికులి చెప్పాడు. ఇది మనవాళ్ళకి కొత్త కాదు. తొడ మీద చెయ్యి ఆదితాళం వేస్తూనే ఉంటుంది, గొంతు దాని చుట్టూ ఎక్కడెక్కడో తిరిగి ఎత్తుగడ దగ్గర వచ్చి వాలుతుంది. చెయ్యి కూడా గొంతుతో పాటు తిరగడం మొదలుపెడితే ముందు వరసలో మావగారు లేచి వెళ్ళిపోతారు. రుబాటో రుబాటో (లయని కాస్త సాగదీసి, కుదించి వాయించడం) అని పియానో పిల్లలు అంటుంటారే, షోపాన్ దగ్గర దానికి మొదటి షరతు ఇదే. 9వ ఓపస్‌లో మొదటి నాక్టర్న్ చూడండి. ఎడమ చెయ్యి ఆరు వేస్తుంటే కుడి చెయ్యి పదకొండు వెయ్యాలి. పదకొండుని ఆరుతో భాగించండి, తెగదు. లెక్క తెలిసినవాడే దాన్ని లెక్కలేనట్టు వినిపించగలడు.

ఆ మనిషి ఎలా రాసేవాడో జార్జ్ సాండ్ తన జ్ఞాపకాల్లో చెప్పింది. ఏళ్ళ తరబడి ఆయనతో ఒకే కప్పు కింద ఉన్న రచయిత్రి. రాగం ముందు ఎక్కణ్ణుంచో తనంతట తనే వచ్చేదట, పియానో ముందో, నడకలోనో. ఒలకడం అంతవరకే. ఆ తర్వాత గదిలో తలుపేసుకుని రోజుల తరబడి, ఏడుస్తూ, కలాలు విరుస్తూ, ఒక్క బార్‌ని వందసార్లు మార్చి మార్చి, ఒక్క పేజీ మీద ఆరు వారాలు కూర్చుని, చివరికి మొదట రాసుకున్నదే రాసేవాడట. ఏడ్చాడు, అవును. ప్రేయసి కోసం కాదు, బార్ కుదరక.

1838 చలికాలంలో మయోర్కా దీవికి వెళ్తూ వెంట తీసుకెళ్ళింది బాఖ్ పుస్తకం. అక్కడ పూర్తిచేసిన ప్రెల్యూడ్లు 24, ఉన్న 24 మేజర్ మైనర్ శ్రుతులకీ ఒక్కొక్కటి, వరస తప్పకుండా. మన మేళకర్త పట్టికలాంటి పని అది. కచేరీ ముందు తన రచనలు పక్కన పెట్టి రెండు వారాలు బాఖ్ వాయించేవాడని శిష్యుల మాట. నియమాలు వదిలేసిన మనిషి చేసే పనులేనా ఇవి?

ఇక వాన. ఆ 24లో పదిహేనోదాన్ని "రెయిన్‌డ్రాప్" అంటారు. ఆ పేరు షోపాన్ పెట్టలేదు. ఒక వాన రాత్రి సాండ్ ఇంటికొచ్చి, ఈ రచనలో చినుకులు వినిపిస్తున్నాయి అన్నదట. అది ఏ ప్రెల్యూడో కూడా ఆవిడ నికరంగా చెప్పలేదు. అన్నందుకు ఆయనకి కోపమొచ్చిందట. వాన చప్పుడుని అనుకరించే చిల్లర పని నేను చెయ్యలేదు పొమ్మన్నాడని ఆవిడే రాసుకుంది. దాదాపు రెండు వందల ఏళ్ళయినా మనం ఆ మనిషి కోపాన్ని లెక్కచెయ్యలేదు. ఇప్పుడు ఎనిమిది గంటల పాటు నిజం వానే కలిపాం.

చినుకులు వినడంలో మనం పోగొట్టుకున్నదేమిటో చెప్తాను. ఆ ప్రెల్యూడ్‌లో మొదటినుంచీ ఒక స్వరం ఆగకుండా మోగుతుంది, ఎ ఫ్లాట్. మొదటి భాగం డి ఫ్లాట్ మేజర్, తేటగా ఉంటుంది. మధ్యలో ఉన్నట్టుండి సి షార్ప్ మైనర్‌లోకి చీకటి కమ్ముతుంది. మోగే స్వరం మారదు. వేలు అదే నల్లమీట మీద ఉంటుంది, కాగితం మీద దాని పేరు మాత్రం జి షార్ప్ అవుతుంది. మీట ఒకటే, పేర్లు రెండు, చుట్టూ లోకాలు రెండు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే స్థానమని తెలిసిన తెలుగువాడికి ఇది విప్పి చెప్పక్కర్లేదు. కనకాంగిలో అదే చోటుని గాంధారం అని పిలవగానే దాని మొహం మారిపోదూ? అంత పెద్ద విషయం అక్కడ జరుగుతుంటే, మనం కిటికీ దగ్గర నిలబడి చినుకులు లెక్కపెడుతున్నాం.

పేర్ల జబ్బు ఇక్కడితో ఆగలేదు. లండన్ ప్రచురణకర్త వెస్సెల్ షోపాన్ నాక్టర్న్‌లకి "సెన్ నది గుసగుసలు" అని పేరు పెట్టి అమ్మాడు. నీ సరుకు అమ్ముడుపోకపోతే అది నువ్వు పెట్టిన తెలివితక్కువ పేర్ల వల్లేనని షోపాన్ ఉత్తరంలో మండిపడ్డాడు. "రివల్యూషనరీ" ఎట్యూడ్ అంటారే, ఆ పేరూ ఆయనది కాదు. ఎట్యూడ్ అంటే అభ్యాసం. ఎడమ చేతికి వేగం నేర్పే అభ్యాసం అది. బీథోవెన్ "మూన్‌లైట్" సంగతి తెలిసిందే. 1802లో అచ్చయినప్పుడు దాని మీద ఉన్నది ఫాంటసీలాంటి సొనాటా అన్న మాటే. వెన్నెలని తెచ్చి పోసినవాడు రెల్‌స్టాబ్ అనే విమర్శకుడు. ల్యూసర్న్ సరస్సు మీద వెన్నెల గుర్తొచ్చిందట ఆయనకి. రావచ్చు. కానీ దానికి మూడో భాగం ఉంది, ఉరుకులు పరుగులు, తలుపులు బాదినట్టు కార్డ్స్. ఆ వెన్నెల్లో ఎవరు ఎవర్ని తరుముతున్నారో చెప్పమనండి. చెప్పలేరు. అందుకే మొదటి భాగం వాయించి చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు.

పేర్లు తనే పెట్టిన షూమన్ ఉన్నాడుగా అంటారు. ఉన్నాడు. "కిండర్‌సీనెన్" ముక్కల పేర్లు రాయడం అయ్యాక పెట్టానని, వాయించేవాళ్ళకి చిన్న సూచనలు తప్ప మరేం కావని ఆయనే చెప్పాడు. మెండెల్సన్ "మాటలు లేని పాటలు" రాస్తే, వాటికి అర్థమేమిటని ఒకాయన ఉత్తరం రాశాడు. 1842లో జవాబిచ్చాడు: అస్పష్టంగా ఉండేవి మాటలు, సంగీతం కాదు, సంగీతం చెప్పేది మాటలకి అందనంత కచ్చితమైనది అని. ఎంత చెప్పినా మనకి ఎక్కదు. కృతి వెనక కథ లేకపోతే కృతి విన్నట్టుండదు మనకి. ఏ పాటకి ఏ గుడి తెర తొలగిందో, ఎవరికి ప్రాణం లేచొచ్చిందో చెప్పాలి, ఆ తర్వాత పాడాలి. సాహిత్యం ఉన్నచోట అది చెల్లుతుంది. వట్టి పియానోకి కూడా హరికథ చెప్తామంటే ఎలా?

షూమన్‌దే "కార్నవాల్" ఉంది, 1834-35 నాటిది. ప్రేమలో ఉండగా రాశాడు, కాబట్టి ఒలికించే ఉంటాడు కదా? ఆ అమ్మాయిది ఆష్ అనే ఊరు. జర్మన్‌లో ఎ, ఎస్, సి, హెచ్. జర్మన్ పద్ధతిలో ఆ అక్షరాలు స్వరాల పేర్లు కూడా అవుతాయి. పైగా అవే అక్షరాలు షూమన్ ఇంటిపేరులోనూ దొరుకుతాయి. ఇక ఆ మూడు నాలుగు స్వరాలు పట్టుకుని ముక్క తర్వాత ముక్క అల్లాడు. ప్రేయసి ఊరి పేరుతో గళ్ళనుడికట్టు. మన వాగ్గేయకారులు స్వరాక్షరం కూర్చినప్పుడు, పా దగ్గర "పా" వచ్చేలా సాహిత్యం పొదిగినప్పుడు, నియమాలు వదిలేశారనం. చమత్కారం అంటాం. తెల్లవాడు చేస్తే మాత్రం హృదయం.

హృదయం ఒలికించడానికి అనుమతి కూడా అందరికీ లేదు, ఆ సంగతి ఏ పాయింటులోనూ రాదు. ఆ కాగితంలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. ఫానీ మెండెల్సన్ పాటలు ఆరు ఆవిడ తమ్ముడు ఫీలిక్స్ పేరు మీద అచ్చయ్యాయి. 1842లో ఆయన విక్టోరియా రాణిని చూడబోతే, రాణి ఆయన పాటల్లోంచి తనకిష్టమైనది ఏరుకుని పాడింది. అది మా అక్క రాసింది అని ఆయన ఒప్పుకోవాల్సొచ్చింది. ఫానీ సొంత పేరుతో ఓపస్ 1 వేసుకున్నది 1846లో, నలభయ్యో పడి అంచున. మరుసటేడు మేలో పోయింది. వ్యక్తిస్వేచ్ఛ, నాలుగో పాయింటు.

మిగిలిన పాయింట్లకి ఎక్కువసేపు పట్టదు. భావావేశం పెరిగింది కాబట్టి శబ్దం పెరిగింది అంటారు. ఇనుము పెరిగింది కాబట్టి పెరిగింది. 1821లో ఎరార్ కొత్త పియానో యంత్రాంగానికి పేటెంట్ తీసుకున్నాడు; మీట పూర్తిగా పైకి లేవకుండానే సుత్తి మళ్ళీ కొట్టగలిగింది. 1825లో బోస్టన్‌లో బాబ్‌కాక్ పోత ఇనుప చట్రం పెట్టాడు. కొయ్య మొయ్యలేని బిగువు ఇనుము మోసింది, తీగలు లావెక్కాయి, పియానిస్టు లిస్ట్ ఉరిమాడు. కొమ్ముబూరలకి వాల్వులొచ్చాయి కాబట్టి అడవుల సంగీతం వచ్చింది. ప్రకృతి ప్రేమకి ముందు ఇత్తడిపని ఉంది. జాతీయత అంటే షోపాన్ మజుర్కాలు చెప్తారు. 1830 నవంబరులో వార్సా విడిచాక మళ్ళీ గడప తొక్కని మనిషివి అవి. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను, పోనివ్వండి. నియమాలు వదిలేశారు అన్నదానికి బ్రామ్స్ ఒక్కడు చాలు. మొదటి సింఫనీ బయటికి వచ్చేసరికి, 1876లో, ఆయనకి 43. నాలుగో సింఫనీ ఆఖరి భాగం ఎనిమిది బార్ల ముక్క మీద ముప్ఫై సార్లు తిరిగి కట్టిన గోడ. ఆ ముక్క బాఖ్ దగ్గర తెచ్చుకున్నది.

బెర్లియోజ్ నాకు అడ్డొస్తాడని తెలుసు. 1830 "ఫాంటాస్టిక్ సింఫనీ"కి కథ అచ్చువేసి శ్రోతలకి పంచాడు, నటి మీద పిచ్చిప్రేమ, నల్లమందు, ఉరికంబం, మంత్రగత్తెలు, అన్నీ ఉన్నాయి. అయితే ఏం? దూరంగా ఉరుముల కోసం నలుగురు టింపనీ వాయిద్యగాళ్ళని కూర్చోబెట్టి ఎవరు ఎప్పుడు కొట్టాలో రాసిపెట్టాడు. వాద్యాల కూర్పు మీద శాస్త్రగ్రంథం రాశాడు. ఒలికేవాడు గ్రంథం రాయడు. వాగ్నర్ గురించి అడక్కండి, మొదలుపెడితే ఆయన ఆపెరాల్లాగే తెల్లారిపోతుంది.

మరి ఏం చెప్పమంటావు పిల్లలకి, ఎనిమిది పాయింట్లు తీసేస్తే పరీక్షలో ఏం రాస్తారు అని మా అక్క అడిగింది. నా దగ్గర పాఠ్యప్రణాళిక లేదు. నెల రోజులు ఒక్క ప్రెల్యూడ్, అదీ ఎడమ చెయ్యి ఒక్కటే. ఎక్కడ ఏ స్వరం జారిందో పెన్సిల్‌తో సున్నా చుట్టాలి. తర్వాత కుడి చెయ్యి. ఆ తర్వాతది ఆలోచించలేదు. సింఫనీలకి ఇది ఎలా కుదురుతుందో నిజంగా నాకు తెలియదు.

ఉన్న నాలుగు రోజులూ పిల్ల చేత అదే చేయించాను. సాయంత్రం ఇస్త్రీ బట్టలు తీసి, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టించి, ఎడమ చెయ్యి. మొదటి రోజు గునిసింది. రెండో రోజు పాట ఎక్కడుందర్రా ఇందులో అని వంటింట్లోంచి అక్క. మూడో రోజు పన్నెండో బార్ దగ్గర, మెలోడీ లేకుండా వట్టి కార్డ్స్ వాయిస్తూ, పిల్ల తనంతట తనే ఆగి, "మామయ్యా, ఇక్కడ నేను ఏమీ చెయ్యకుండానే ఏడుపొస్తోంది" అంది. సున్నా చుట్టుకోమన్నాను.

పరీక్ష మొన్న అయింది. ఎనిమిది పాయింట్లూ వరసగా రాసిందిట, ఒలికించిన వాక్యంతో సహా. మార్కులు బాగా వచ్చాయని అక్క ఫోన్ చేసి చెప్పింది. మేనమామవి, ఒక్క మంచిమాట అనవేమిరా అని కోప్పడింది కూడా.